నొప్పి బిళ్ళ ఒంటికి పడకపోతే: అట్ట పారేయకముందు చేయాల్సిన పనులు

కాలవగట్టు మీద మా మందుల కొట్టుకి కొబ్బరికాయల దింపు తీసే బాబాయ్ ఒకాయన వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి చాపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జాగా చూపించేవాడు. అక్కడ పాత రూపాయి బిళ్ళంత మచ్చ. అంచు ఎర్రగా, నడుమ వంకాయ రంగులో ఉండేది. “మళ్ళీ లేచిందిరా అబ్బాయ్, వేడి చేసింది. మజ్జిగ తాగుతున్నా తగ్గి చావట్లేదు” అనేవాడు. నేను ఒక ఆయింట్‌మెంట్ ట్యూబు చేతిలో పెట్టి పంపేవాణ్ణి. మూడుసార్లు అలాగే పంపాను. నాలుగోసారి మాత్రం ఎందుకో అడిగాను: “బాబాయ్, ఇది లేచే ముందు ఏం మింగావు?”

“ఏం మింగుతానురా, నువ్విచ్చిన ఒళ్ళునొప్పుల సెట్టే.”

ఆ సెట్టు సంగతి మీకు తెలియంది కాదు. పొద్దంతా చెట్లెక్కి దిగినవాళ్ళు, నాట్లేసి నడుం పట్టేసినవాళ్ళు, రొయ్యల చెరువులో రాత్రంతా నిలబడ్డవాళ్ళు వచ్చి “ఒక సెట్టు ఇవ్వు” అంటారు. ఒక తెల్లది, ఒక పచ్చది, గ్యాసుకి ఇంకోటి. అట్టల్లోంచి కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో పోసి ఇచ్చేస్తాం. కత్తిరించిన ముక్క మీద పేరుండదు, తేదీ ఉండదు. బాబాయ్‌కి పడనిది ఏదో చెప్పాలంటే ఆయనకీ తెలియదు, నా దగ్గర రాత లేదు. ఆ రోజు నుంచి కత్తెర వాడటం మానేశాను. ఈ కింద రాసేది కొట్టులో కూర్చుని నేర్చుకున్నది, చర్మం డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నది. నేను డాక్టర్ని కాను. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో చెప్పడమే ఇందులో ముఖ్యమైన పని.

ముందు ప్రాణం సంగతి

నొప్పి బిళ్ళ వేసుకున్నాక గానీ, నొప్పికి సూది వేయించుకున్నాక గానీ ఒంటి మీద ఏది లేచినా ముందు ఆ మందు ఆపండి. దాని బదులు “ఇంకో కంపెనీది” వేసుకోవద్దు. గుండె కోసం రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ బిళ్ళ ఒక్కటే దీనికి మినహాయింపు. దాన్ని సొంతంగా ఆపితే ఇంకో ప్రమాదం ఉంది కాబట్టి ఆ పూటే డాక్టర్‌కి ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు చేయండి. ఊపిరి అందకపోతే మాత్రం డాక్టర్‌కి ఫోన్లు కాదు, సరాసరి ఆస్పత్రే.

పెదవులు, కనురెప్పలు, నాలుక వాయడం, గొంతు బిగుసుకున్నట్టు ఉండటం, గొంతు మారిపోవడం, ఆయాసం, పిల్లికూతలు, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉండటం, దద్దుర్లతో పాటు వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనపడినా 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళ కింద తలగడ పెట్టండి. ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోబెట్టండి. లేపి నడిపించొద్దు. దగ్గర్లో ఆర్‌ఎంపీ ఉంటే పిలవండి గానీ ఆయన కోసం బండి ఆపొద్దు. లంకల్లో ఉన్నవాళ్ళు “తెల్లారాక పంటు ఎక్కుదాం” అనుకోకూడదు. ఈ రకం నిమిషాల మీద నడుస్తుంది. అవతలి ఒడ్డుకి బండి రమ్మని చెప్పి ఇటునుంచి బయల్దేరిపోవాలి.

రెండో రకం నిదానంగా వస్తుంది, అందుకే ఎక్కువ మోసం చేస్తుంది. బిళ్ళలు మొదలుపెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు జ్వరం, గొంతునొప్పి, కళ్ళు మండి ఎర్రబడటం, నోట్లో పుళ్ళు, అన్నం మింగలేకపోవడం. తర్వాత ఒంటి మీద ముదురు ఎరుపు మచ్చలు. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది దురద కాదు, నొప్పి. చర్మం ముట్టుకుంటే కాలినట్టు నొప్పి. ఆ మీదట బొబ్బలు లేచి, వేలితో పక్కకి నెడితే పైపొర జారిపోతుంది. దీన్ని స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారు. ఆ ఇద్దరు డాక్టర్లూ 1922లో రాసిన జబ్బు. ఒంటి మీద పది శాతం లోపు చర్మం ఊడితే ఈ పేరు, ముప్పై శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, పొట్టిగా టెన్ అని ఇంకో పేరు. ఆ ముదిరిన రకంలో ముగ్గురిలో ఒకరు దాకా పోతారు.

మనవైపు దీనికి ఇంకో పేరు పెడతాం: అమ్మవారు పోసింది. జ్వరం, బొబ్బలు చూడగానే వేపమండలు గుమ్మానికి కట్టి, మనిషిని చాప మీద పడుకోబెట్టి, మందులన్నీ ఆపేసి వారం చూస్తారు. మందులు ఆపడం వరకూ మంచిదే, కానీ ఆ వారమే ప్రాణం తీస్తుంది. అమ్మవారు పోసినప్పుడు నీటిపొక్కులు విడతలు విడతలుగా లేస్తాయి, ఎక్కువగా దురద పెడతాయి. ఇందులో కళ్ళు, నోరు, మూత్రం పోసే చోటు ముందు పుండుపడతాయి. పెదవులు రక్తం గడ్డకట్టి నల్లగా అవుతాయి. ఇలా ఉంటే అదే రోజు కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి లాంటి చర్మవిభాగం, కంటి డాక్టరు, ఐసీయూ అన్నీ ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కంటి సంగతి ఎందుకంటే, బతికి బయటపడ్డవాళ్ళలో చూపు పాడైనవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి రెండు నుంచి ఎనిమిది వారాలకి వస్తుంది: ఒళ్ళంతా ఎర్రగా కంది, మొహం వాచి, మెడలో గడ్డలు కట్టి, జ్వరం వదలదు. లోపల కాలేయం దెబ్బతింటుంది. ఇంగ్లీషు పొడుగు పేరుని కుదించి దీన్ని డ్రెస్ అంటారు. ఆడపిల్లలు నెలసరి కడుపునొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్‌తో ఇది రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరిక ఇచ్చింది. ఇది అరుదు, భయపడి మానేయక్కర్లేదు. కానీ నెల కిందట వేసుకున్న బిళ్ళ కూడా డాక్టర్‌కి చెప్పాలి అనడానికి ఇదే కారణం. మనం నిన్నటిదే చెబుతాం.

బాల్‌పెన్నుతో చేసే పరీక్ష

ప్రమాదం గుర్తులేమీ లేవనుకోండి. అప్పుడు లేచింది ఏ రకమో చూడాలి. పిల్లలు రాసుకునే బాల్‌పెన్ను తీసుకుని ఒక దద్దురు చుట్టూ గీత గీయండి. పక్కన టైము రాయండి. ఫోన్‌తో పగటి వెలుతురులో రెండు ఫోటోలు తీయండి, ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఒంటి మీద ఏమీ ఉండకపోవచ్చు, అప్పుడు ఆ ఫోటోయే సాక్ష్యం.

మర్నాడు అదే వేళకి చూడండి. గీత లోపల చర్మం మామూలుగా ఉండి, దద్దుర్లు ఇంకో చోట లేచి ఉంటే అవి మామూలు దద్దుర్లే. ఒక్కో దద్దురు ఒక రోజుకి మించి ఒకేచోట ఉండదు. ఇవి బిళ్ళ వేసుకున్న కాసేపటి నుంచి కొన్ని గంటల్లో లేస్తాయి, గోకిన కొద్దీ పెరుగుతాయి.

గీత లోపలే ఉండి, గుండ్రంగా, మంటగా, రోజురోజుకీ నల్లబడుతుంటే అది బాబాయ్ మచ్చ. డాక్టర్లు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. పేరులోనే ఉంది, చోటు మారదు. చేతులు, పెదవి, మగవాళ్ళకి మర్మాంగం దీనికి ఇష్టమైన చోట్లు. ఆ మందు మళ్ళీ పడితే అరగంట నుంచి కొద్ది గంటల్లో అదే చోట లేస్తుంది. మొదటి మచ్చ మానాక కూడా ఆ చర్మంలో మన రక్షణ కణాలు కొన్ని కాపలా కూర్చుంటాయి. ఆ మందు వాసన తగలగానే లేస్తాయి. ప్రతిసారీ కొత్త మచ్చలు చేరతాయి, పాతవి పెద్దవవుతాయి. పెదవి మీద వస్తే మనవాళ్ళు సర్పి అని జాజు పూయిస్తారు. మగవాళ్ళు చోటు చెప్పుకోలేక, ఏదో సుఖరోగం అనుకుని ఇంట్లో గొడవలు పెట్టుకుంటారు. అలాంటి ఇంటి గొడవ ఒకటి మా కొట్టు బల్ల మీదే తీరింది. వాళ్ళిద్దరి ఊరు కూడా రాయను.

ఇక ఒళ్ళంతా చెమటకాయల్లా సన్నగా ఎర్రగా పొక్కితే, అదీ మందు మొదలుపెట్టిన నాలుగైదు రోజుల తర్వాత అయితే, అది మూడో రకం. చాలావరకు మందు ఆపితే వారం పది రోజుల్లో పొట్టు రాలి పోతుంది. అయితే వానాకాలం మన డెల్టాలో డెంగీ కూడా ఇలాగే ఒళ్ళు ఎర్రబరుస్తుంది. జ్వరం ఉన్నప్పుడు నేరం బిళ్ళ మీద వేసేముందు రక్తపరీక్ష చేయించండి. డెంగీ అనుమానం ఉన్నన్నాళ్ళూ పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి బిళ్ళా ముట్టుకోవద్దు. మిగతావి రక్తస్రావం పెంచుతాయి.

దొంగ ఎవడో పట్టుకోవడం

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక పళ్ళెంలో పోయండి. ఫ్రిజ్ మీద ఉన్నవి, దేవుడి గూట్లో ఉన్నవి, జేబులో ఉన్నవి, చెత్తబుట్టలో ఉన్న ఖాళీ అట్టలతో సహా. గత రెండు నెలల్లో వేసుకున్నవన్నీ కావాలి. ఆర్‌ఎంపీ తుంటికి వేసిన సూది, జలుబు సిరప్పు, పళ్ళ డాక్టరిచ్చిన బిళ్ళలు, మోకాళ్ళ నొప్పులకని ఎవరో తెచ్చిచ్చిన పసరు పొడి కూడా. ఆ పొడిని అస్సలు వదలొద్దు. పేరూ ఊరూ లేని కీళ్ళ మందుల్లో ఇంగ్లీషు నొప్పి బిళ్ళ, స్టెరాయిడ్ నూరి కలిపి పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు అట్ట తిప్పి చూడండి. పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దానితో మనకి పనిలేదు. కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నదే అసలు మందు. కళ్ళకి ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. కాంబిఫ్లామ్ అంటే ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిపినది. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. జీరోడాల్-పి అంటే ఎసిక్లోఫెనాక్‌తో పారాసెటమాల్. మెఫ్టాల్-స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్. సారిడాన్‌లో పారాసెటమాల్, ప్రొపిఫెనజోన్, కెఫీన్. డిస్ప్రిన్ ఆస్పిరినే. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ మామూలు రకాలు పారాసెటమాల్. “నాకు కాంబిఫ్లామ్ పడదు, అందుకే బ్రూఫెన్ వేసుకున్నా” అని ఒకావిడ ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చింది. రెండింట్లోనూ ఐబుప్రోఫెనే.

ఇక్కడో మెలిక ఉంది, కాస్త ఓపికగా చదవండి. బాబాయ్ మచ్చ లాంటిది వచ్చిందంటే మామూలుగా ఒక్క మందూ, దానికి దగ్గర చుట్టాలూ పడవని. దద్దుర్లు, వాపు వచ్చే చాలామందికి అలా కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని నొప్పి బిళ్ళలన్నీ పడకపోవచ్చు. కారణం ఆ బిళ్ళలు పనిచేసే తీరులోనే ఉంది. మన ఒంట్లో ఒక నూనె పదార్థం రెండు దారుల్లో వెళుతుంది. ఒక దారిలో నొప్పి, వాపు పుట్టించే రసాయనాలు తయారవుతాయి. నొప్పి బిళ్ళ ఆ దారి మూస్తుంది. పెద్దకాలవకి లాకు దించేస్తే నీళ్ళు పక్క బోదెల్లోకి ఎగదన్నవూ? అలాగే ఆ పదార్థం రెండో దారి పట్టి, దద్దుర్లూ ఆయాసమూ తెచ్చే లూకోట్రైన్లు అనేవాటిని పొంగిస్తుంది. లాకు దించింది ఆస్పిరిన్ అయినా, డైక్లోఫెనాక్ అయినా, ఐబుప్రోఫెన్ అయినా బోదె పొంగడం ఒకటే. ఆస్పిరిన్ బజారులోకి వచ్చింది 1899లో. దానివల్ల దద్దుర్లూ వాపూ లేచిన కేసు 1902లోనే రాశారు. అంటే ఈ గొడవ బిళ్ళతో పాటే పుట్టింది.

పారాసెటమాల్ ఈ లాకుని కొద్దిగానే దించుతుంది. అందుకే మిగతావి పడని చాలామందికి మామూలు మోతాదులో అది పడుతుంది. అలాగని అది పరమ సాధువు కాదు. పారాసెటమాల్‌తో కూడా అరుదుగా చర్మం ఊడే జబ్బు రావచ్చని అమెరికా మందుల శాఖ 2013లో హెచ్చరించింది.

ఇంట్లో చేయగలిగింది కొంచెమే

దురదకి చల్లటి తడిగుడ్డ వేయండి. వదులు నూలు బట్టలు కట్టుకోండి. వేడినీళ్ళ స్నానం, కల్లు, బ్రాందీ ఆ నాలుగు రోజులూ వద్దు, అవి దద్దుర్లని రేపుతాయి. పెద్దవాళ్ళు దద్దుర్లకి సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు అడిగి వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది, అది వేసుకుని చెట్టెక్కొద్దు, బండి తోలొద్దు. బాబాయ్‌కి ఇది నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ తలూపి తాడు భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

బొబ్బల మీద పసుపు, సున్నం, వేపాకు ముద్ద, పళ్ళపొడి ఏదీ పూయొద్దు. బొబ్బ చిదమొద్దు. పొట్టు రాలే పొడి చర్మానికి కొబ్బరినూనె మంచిదే, తడిపుండుకి కాదు. ఇక ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఉండే ఆ మూడు మందులు కలిపిన దురద క్రీము, స్టెరాయిడ్ ఉన్నది, మొహానికీ గజ్జలకీ రాసి చర్మం పలచబడి వచ్చినవాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను. బాబాయ్‌కి నేను మూడుసార్లు ఇచ్చిన ట్యూబు కూడా ఆ కోవలోదే.

“ఏది పడదో తేల్చుకుందాం” అని ఇంట్లో మళ్ళీ ఒక బిళ్ళ వేసి చూడటం అన్నిటికన్నా చెడ్డపని. ఒకసారి దద్దుర్లతో పోయినది రెండోసారి గొంతు మూసేయవచ్చు. చేతి మీద కొంచెం గుచ్చి చూసే టెస్ట్ డోసు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఈ బిళ్ళలకి అది చాలావరకు ఏమీ చెప్పదు. రక్తపరీక్షలూ అంతే. తేల్చాల్సి వస్తే ఆస్పత్రిలో, పక్కన అత్యవసర మందులు పెట్టుకుని, కొద్దికొద్దిగా ఇచ్చి చూస్తారు. చర్మం ఊడినవాళ్ళకి అదీ చేయరు, ఆ మందు జన్మలో మళ్ళీ ఇవ్వరు. బాబాయ్‌ని అలాగే పెద్దాస్పత్రి చర్మం ఓపీకి పంపాను. మా సెట్టులో మామూలుగా పోసే నొప్పి బిళ్ళలు నిమెసులైడ్, పారాసెటమాల్. అక్కడ కూర్చోబెట్టి పారాసెటమాల్ ఒక్కటే ఇచ్చి చూశారు, మచ్చ కదల్లేదు. దోషి నిమెసులైడ్ అని రాసిచ్చారు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వకూడదని మన ప్రభుత్వం 2011లోనే ఆపిన మందు అది. పెద్దవాళ్ళ సెట్టుల్లో మాత్రం హాయిగా తిరుగుతోంది.

పూసే జెల్లు, బామ్ సంగతి కూడా ఒక మాట. వాటిలోనూ డైక్లోఫెనాక్, మిథైల్ సాలిసిలేట్ లాంటివే ఉంటాయి. బిళ్ళ పడనివాళ్ళు జెల్లు కూడా అడక్కుండా పూసుకోవద్దు. పూసిన చోట గట్టిగా గుడ్డ కట్టడం, వేడినీళ్ళ సంచి పెట్టడం వద్దు, చర్మం ఉడికిపోతుంది. కీటోప్రోఫెన్ జెల్లు పూసిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు. మానేశాక కూడా రెండు వారాలు అక్కడ ఎండ పడనివ్వకూడదు. పొలంలో నాట్లేసే మనిషికి ఆ జెల్లు ఇచ్చేవాడికి ఏం చెప్పాలో నాకు తెలియదు.

రాసి పెట్టుకోండి, అది కూడా జేబులో

అరచేయంత అట్టముక్క మీద ఇలా రాయండి: “నాకు నిమెసులైడ్ పడదు. ఫలానా నెలలో వేసుకున్న రెండు గంటలకి కుడిచేతి మీద మచ్చ లేచింది, ఇది నాలుగోసారి. పారాసెటమాల్ పడుతుంది.” మందు పేరు, ఎంతసేపటికి, ఏం లేచింది, ఏది పడుతుంది. ఈ నాలుగూ ఉంటే చాలు. ఆధార్ కార్డుతో పాటు పెట్టండి, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లకి పంపండి. సూది వేయించుకునే ముందు, పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్ ముందు అడిగినా అడక్కపోయినా తీసి చూపించండి. “నాకు ఇంగ్లీషు మందులు పడవు” అని చెప్పడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

కొట్టులో సెట్టు అడగొద్దు. అడిగినా కత్తిరించిన ముక్కలు తీసుకోవద్దు, పేరు, తేదీ ఉన్న వైపు ఇమ్మని అడగండి. బిల్లు తీసుకోండి. నా సాటి కొట్లవాళ్ళు కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు.

జరిగింది ప్రభుత్వానికీ చెప్పవచ్చు. మందుల చెడు ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. పని రోజుల్లో 1800-180-3024కి ఫోన్ చేస్తే డబ్బు పడదు. రోగులే నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. మందు పేరు, బ్యాచ్ నంబరు అడుగుతారు, అట్ట పారేయొద్దన్నది అందుకే.

మచ్చ ఎప్పుడు పోతుందని అందరూ అడుగుతారు. మంట, వాపు కొద్ది రోజుల్లో తగ్గుతాయి. నలుపు మాత్రం నెలలు పడుతుంది, అదీ ఆ మందు మళ్ళీ తగలకపోతే. బాబాయ్‌ది సంక్రాంతికి వంకాయ రంగు పోయి పాలెక్కువైన కాఫీ రంగుకి దిగింది.